ఎస్‌ఎస్‌డీ ఇప్పుడే కొనాలా, కొత్త తరం వచ్చేదాకా ఆగాలా?

విజయనగరంలో కంప్యూటర్లు అమర్చే పనిలోను, బాగుచేసే పనిలోను చాలా ఏళ్లుగా ఉన్నాను. హార్డ్ డిస్క్ నెమ్మదించిందనో, నిండిపోయిందనో వచ్చేవారిలో సగం మంది ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లో సమాచారాన్ని దాచే డ్రైవు) కొనడానికి సిద్ధపడి వచ్చి కూడా చివరి నిమిషంలో ఒక సందేహం దగ్గర ఆగిపోతారు. మొన్న మా మేనల్లుడు కూడా అదే అడిగాడు: "మావయ్యా, జెన్ 6 వచ్చేస్తోందంట కదా, ఇప్పుడు జెన్ 4 కొంటే డబ్బులు దండగ కాదా?" వాడి ల్యాప్‌టాప్‌లో ఉన్నది జెన్ 3 స్లాటు, అంటే మూడవ తరం డ్రైవు కూర్చునే చోటు. జెన్ 6 మాట దేవుడెరుగు, అందులో జెన్ 4 డ్రైవు పెట్టినా అది జెన్ 3 వేగంతోనే నడుస్తుంది. ఇంజనీరింగ్ చదువుతున్న కుర్రవాడికే ఈ సంగతి తెలియలేదంటే అది వాడి తప్పని నేను అనుకోను. ప్రకటనలన్నీ డ్రైవు ఎంత వేగంగా పరుగెత్తుతుందో చెబుతాయి గాని, అది కూర్చోవలసిన చోటు గురించి ఒక్క ముక్క చెప్పవు.

అందువల్ల ఈ నిర్ణయాన్ని మార్కెట్లోకి ఏమి రాబోతున్నదన్న దగ్గర మొదలుపెట్టకూడదని నా అభిప్రాయం. ముందు మీ యంత్రం, తరువాత అందులో ఇప్పుడున్న డిస్కు స్థితి, ఆపైన మీరు చేసే పని, ఈ మూడూ తేలిన తరువాతే రాబోయే తరం సంగతీ, ధర సంగతీ ఆలోచించాలి. ఈ వరుస తప్పితే, ఎవరికో పనికివచ్చే వస్తువు కోసం మనం నెలల తరబడి ఎదురుచూస్తాం.

ముందు మీ యంత్రం ఏది తీసుకోగలదో చూడండి

కంప్యూటర్‌లో డ్రైవు తగిలించే చోట్లు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది సాటా పోర్టు. పాత హార్డ్ డిస్కులూ, రెండున్నర అంగుళాల ఎస్‌ఎస్‌డీలూ దీనికే తగులుతాయి. సాటా 3 గరిష్ఠ వేగం సెకనుకు 6 గిగాబిట్లు కాగా, వాడుకలో దాదాపు 550 ఎంబీ దాకా అందుతుంది. రెండవది ఎం.2 స్లాటు. బబుల్‌గమ్ బిళ్లలా సన్నగా, పొడవుగా ఉండే డ్రైవు ఇందులోకి వెళ్తుంది. ఆ స్లాటు వెనుక, సమాచారం ప్రాసెసర్ దాకా నడవడానికి ఉన్న పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారి ఏ తరానిదన్న దాన్ని బట్టి వేగం మారుతుంది: జెన్ 3 అయితే సెకనుకు సుమారు 3,500 ఎంబీ, జెన్ 4 అయితే 7,000 ఎంబీ, జెన్ 5 అయితే 14,000 ఎంబీ దాకా వస్తుంది. కొత్త డ్రైవును పాత స్లాటులో పెట్టినా, పాత డ్రైవును కొత్త స్లాటులో పెట్టినా పని చేస్తాయి, అయితే ఆ రెంటిలో ఏది నెమ్మదిదో ఆ వేగమే మీకు దక్కుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఎం.2 అన్నది ఆకారానికి పేరు మాత్రమే. కొన్ని పాత ల్యాప్‌టాప్‌లలో ఎం.2 స్లాటు ఉన్నప్పటికీ, దాని వెనుక ఉన్నది సాటా దారే కావచ్చు. అందులో పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారిలో నడిచే ఎన్‌వీఎంఈ రకం డ్రైవు పెడితే కంప్యూటర్ దానిని గుర్తించదు. డ్రైవు అంచున ఒకే గాటు ఉంటే సాధారణంగా ఎన్‌వీఎంఈ అనీ, రెండు గాట్లు ఉంటే సాధారణంగా సాటా అనీ పోల్చుకోవచ్చు గాని, గాట్లను నమ్ముకోవడం కంటే మీ మదర్‌బోర్డు లేదా ల్యాప్‌టాప్ మోడల్ సంఖ్యను తయారీదారు వెబ్‌సైటులో వెతికి, స్లాటు వివరం చదవడం మేలు. డెస్క్‌టాప్ అయితే సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాము బోర్డు పేరు చెబుతుంది. పొడవు కూడా చూసుకోండి. 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు. కొన్ని సన్నని ల్యాప్‌టాప్‌లలో 2242, 2230 కొలతల డ్రైవులకు మాత్రమే చోటు ఉంటుంది.

మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో డీటీపీ సెంటర్లలోను, చిన్న కార్యాలయాల్లోను నాకు ఇప్పటికీ తరచుగా ఎదురయ్యేవి హెచ్61, హెచ్81 అనే పాత ఇంటెల్ చిప్‌సెట్ల (పోర్టులను నడిపే చిప్పుల) బోర్డులు. ఈ తరం బోర్డుల్లో నేను బాగుచేసిన వాటిలో వేటికీ ఎం.2 స్లాటు లేదు. హెచ్61 చిప్‌సెట్‌లో ఉన్న సాటా పోర్టులు కూడా సెకనుకు 3 గిగాబిట్లవే. హెచ్81లో రెండు పోర్టులు 6 గిగాబిట్లవి, మిగిలిన రెండూ 3 గిగాబిట్లవి. వేరే దుకాణంలో ఎస్‌ఎస్‌డీ వేయించుకుని, ఆశించినంత వేగం రాలేదని నా దగ్గరకు తెచ్చిన యంత్రాల్లో, దాన్ని నెమ్మది పోర్టుకు తగిలించి వదిలేసిన సందర్భాలు చూశాను. కేబులు ఒక పోర్టు నుంచి తీసి పక్క పోర్టులో పెట్టడమే అక్కడ చేయవలసిన పని. ఇటువంటి యంత్రం మీది అయితే రాబోయే తరం గురించిన ప్రశ్నే మీకు లేదు. సాటా ఎస్‌ఎస్‌డీ ఒక్కటే మీకు దారి, దానికోసం ఆగడంలో అర్థం లేదు.

హెచ్61 మీద ఎస్‌ఎస్‌డీ సగం వేగంతోనే నడుస్తుంది కదా, అంతమాత్రానికి కొనాలా అని అడిగేవారున్నారు. కొనాలి. ఎందుకంటే కంప్యూటర్ చురుకుగా ఉన్నదా లేదా అన్నది పెద్ద ఫైలును ఎంత త్వరగా కాపీ చేస్తుందన్న దాన్ని బట్టి మనకు తెలియదు. విండోస్ తెరుచుకునేటప్పుడు, బ్రౌజర్ మొదలయ్యేటప్పుడు వేల కొద్దీ చిన్న చిన్న ముక్కలను డిస్కు నలుమూలల నుంచి ఏరుకురావాలి. హార్డ్ డిస్కులో తిరిగే పళ్లెం మీద చదివే ముల్లు ఒక్కొక్క ముక్కకూ చోటు మారడానికి సుమారు 10 మిల్లీసెకన్లు పడుతుంది. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమే లేదు కనుక అదే పని దాదాపు 0.1 మిల్లీసెకనులో, అంతకన్నా తక్కువలో అయిపోతుంది. ఆ నూరు రెట్ల తేడా హార్డ్ డిస్కు నుంచి ఎస్‌ఎస్‌డీకి మారినప్పుడే వస్తుంది. ఆ తరువాత జెన్ 3 నుంచి జెన్ 4కు, అక్కడి నుంచి జెన్ 5కు మారినప్పుడు ప్రకటనలో అంకె రెట్టింపు అవుతుంది గాని, రోజువారీ పనిలో మనిషికి తెలిసే తేడా చాలా తక్కువ.

ఉన్న డిస్కు మిమ్మల్ని ఆగనిస్తుందా

ఆగడమన్నది ఆరోగ్యంగా ఉన్న డిస్కు కలవారికి మాత్రమే ఉన్న వెసులుబాటు. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామును వేసి చూడండి. నీలం రంగులో ఆరోగ్యం బాగున్నదని చూపిస్తే మంచిదే. పసుపు రంగు హెచ్చరిక కనిపించినా, పాడైన సెక్టార్లను మార్చిన లెక్క చూపే 05 వరుసలో గాని, చదవలేక నిలిచిపోయిన సెక్టార్లను చూపే సీ5 వరుసలో గాని సున్న కాక మరో అంకె ఉన్నా, ఇక తరాల గురించి ఆలోచించవద్దు. ఆ రోజే ముఖ్యమైన ఫైళ్లను మరొక చోటికి తీసి, దొరికిన మంచి డ్రైవు కొనండి. టిక్కు టిక్కుమన్న శబ్దం వస్తుంటే ఆ ప్రోగ్రాము కూడా వేయకుండా యంత్రాన్ని ఆపేయడం మేలు, తిరిగిన కొద్దీ పళ్లెం మీద గీతలు పడే ప్రమాదం ఉంటుంది.

నరసన్నపేట వైపు నుంచి పెళ్లి వీడియోలు తీసే ఒకాయన నా దగ్గరకు వచ్చిన సంగతి ఇక్కడ చెప్పాలి. ఆయన అప్పటికే ఏడాదిగా జెన్ 5 డ్రైవుల ధర తగ్గుతుందని చూస్తున్నారు. ఈలోగా రెండు ముహూర్తాల సీజన్ల ఫుటేజీ అంతా ఒకే ఒక్క 2 టీబీ హార్డ్ డిస్కులో పెట్టుకున్నారు. ఆ డిస్కు పసుపు రంగు చూపిస్తున్నదని నేను చెప్పినప్పుడు, "ఇంకో రెండు నెలలు లాగించేద్దాం గురువుగారూ" అన్నారు. నేను గట్టిగా పట్టుబట్టి ఉండవలసింది. నెల తిరగకుండానే డిస్కు లేవలేదు. ఫైళ్లు తిరిగి తీయించడానికి విశాఖపట్నం పంపినా మూడొంతుల ఫైళ్లే వచ్చాయి. మిగిలిన వాటిలో అప్పటికి ఆల్బం కూడా ఇవ్వని పెళ్లి ఒకటి ఉంది. ఆ పెళ్లికూతురి తండ్రి దుకాణం మెట్ల మీద కూర్చుండిపోయిన దృశ్యం నాకు ఇప్పటికీ గుర్తు వస్తుంటుంది. అందుకే ఎవరు అడిగినా మొదట అడిగేది ఒకటే: మీ ఫైళ్లకు రెండో ప్రతి ఉన్నదా? లేదంటే, మీరు కొనవలసిన మొదటి వస్తువు వేగమైన ఎస్‌ఎస్‌డీ కాకపోవచ్చు, ఒక మామూలు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కావచ్చు.

ఖాళీ స్థలం కూడా చూసుకోవాలి. ఎస్‌ఎస్‌డీ నిండిన కొద్దీ రాసే వేగం పడిపోతుంది. నూటికి పది పాళ్లకన్నా తక్కువ ఖాళీ ఉన్న స్థితిలో నెలల తరబడి నెట్టుకురావడం యంత్రానికీ మంచిది కాదు, మీ సమయానికీ మంచిది కాదు.

మీ పనికి ఎంత వేగం అక్కరకు వస్తుంది

వేగం గురించి మాట్లాడేటప్పుడు నేను లెక్క కట్టి చూపిస్తాను. ఒక పెళ్లి ఫుటేజీ 100 జీబీ అనుకుందాం. దానిని సెకనుకు 150 ఎంబీ రాసే హార్డ్ డిస్కులోకి ఎక్కించడానికి సుమారు 11 నిమిషాలు, 500 ఎంబీ రాసే సాటా ఎస్‌ఎస్‌డీలోకి 3 నిమిషాల 20 సెకన్లు పడుతుంది. జెన్ 4లో 7,000 ఎంబీ చొప్పున 14 సెకన్లు, జెన్ 5లో 7 సెకన్లు అని కాగితం మీద తేలుతుంది. అయితే ఆ ఫుటేజీ వచ్చేది కెమెరాలోని ఎస్‌డీ కార్డు నుంచి. మన దగ్గర ఎక్కువమంది వాడే యూహెచ్‌ఎస్-1 రకం కార్డు దారి గరిష్ఠ వేగం సెకనుకు 104 ఎంబీ. అంటే మీరు ఎంత ఖరీదైన డ్రైవు పెట్టినా కార్డు నుంచి ఆ 100 జీబీ దిగడానికి 16 నిమిషాలు తప్పదు. అక్కడ జెన్ 5 కోసం ఆగినవారికీ, సాటా కొన్నవారికీ ఒకే సమయం పడుతుంది. ఆ డబ్బుతో వేగమైన కార్డూ, దానికి తగిన కార్డు రీడరూ కొనుక్కుంటే పని నిజంగా తగ్గుతుంది.

బయటి డ్రైవుల విషయంలోనూ ఇదే సూత్రం. యూఎస్‌బీ 2 పోర్టులో ఏ డ్రైవు తగిలించినా సెకనుకు 40 ఎంబీ దాటడం కష్టం. 5 గిగాబిట్ల పోర్టు ఉన్న ల్యాప్‌టాప్‌కు 20 గిగాబిట్ల పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీ కొనడం వృథా ఖర్చు.

మరి జెన్ 5 ఎవరికి పనికివస్తుంది? ఒకేసారి అనేక పొరల 4కే, 6కే రా ఫుటేజీని ఎడిట్ చేసేవారికీ, చాలా పెద్ద డేటాసెట్లను మళ్లీ మళ్లీ చదివించే పరిశోధక విద్యార్థులకూ, సొంత యంత్రంలో పెద్ద ఏఐ మోడళ్లను ఎక్కించేవారికీ తేడా కనిపిస్తుంది. ఆటలు ఆడేవారికి లోడింగ్ సమయంలో సాధారణంగా ఒకటి రెండు సెకన్లకు మించి తేడా రాదు. పైగా జెన్ 5 డ్రైవులు బాగా వేడెక్కుతాయి, వాటికి మంచి హీట్‌సింక్ (వేడిని లాగేసే లోహపు పలక) తప్పనిసరి. డ్రైవు ఉష్ణోగ్రత సుమారు 80 డిగ్రీల దగ్గరకు చేరితే అది తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మే నెలలో ఏసీ లేని గదిలో, గాలి సరిగా ఆడని క్యాబినెట్‌లో దాన్ని పెడితే, అదనంగా చెల్లించిన సొమ్ము ఆ వేడిలోనే కరిగిపోతుంది.

వేగం అక్కరలేని పనుల్లో ముఖ్యమైనది పాత కాగితాలను దాచుకోవడం. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో నెలకొల్పిన కథానిలయం తెలుగు కథలను సేకరించి, స్కాన్ చేసిన పుటలను అందరికీ అందుబాటులోకి తెచ్చిన తీరు చూసినప్పటి నుంచి, తమ ఇంట్లోని దస్తావేజులు, తాతల నాటి ఉత్తరాలు స్కాన్ చేయించుకోవాలని అడిగేవారికి నేను ఎంతో ఇష్టంగా సహాయం చేస్తున్నాను. ఒక పుట 1 ఎంబీ చొప్పున చూసినా లక్ష పుటలు 100 జీబీ దాటవు. ఇటువంటి పనికి రేపు రాబోయే తరంతో నిమిత్తం లేదు. రెండు మామూలు హార్డ్ డిస్కులు, రెండు వేరువేరు ఇళ్లు చాలు. ఎస్‌ఎస్‌డీలో రాసి బీరువాలో పెట్టి మరిచిపోవడం మాత్రం తగదు. ఫ్లాష్ మెమరీ కణాల్లో నిలిచి ఉండే విద్యుదావేశం కరెంటు లేకుండా ఏళ్ల తరబడి ఉంచితే క్రమంగా జారిపోతుంది. మామూలు వాడకపు ఎస్‌ఎస్‌డీ తన రాత పరిమితి అంతా అయిపోయిన తరువాత, 30 డిగ్రీల వద్ద కరెంటు లేకుండా ఒక ఏడాది పాటు సమాచారాన్ని నిలుపుకుంటే చాలునని మెమరీ పరిశ్రమకు ప్రమాణాలు రూపొందించే జెడెక్ సంస్థ ప్రమాణం చెబుతున్నది. కొత్త డ్రైవులో అంతకన్నా చాలా ఎక్కువ కాలమే ఉంటుంది గాని, వేడి పెరిగిన కొద్దీ ఆ గడువు తగ్గుతుందన్నది గుర్తుంచుకోవాలి.

కొత్త తరం వచ్చిందన్న మాటకు మూడు తేదీలు

ఒక తరం వచ్చిందని వార్త చదివినప్పుడు, ఆ వార్త ఏ తేదీ గురించో విడదీసి చూడాలి. ప్రమాణం కాగితం మీద ఖరారైన తేదీ ఒకటి, మొదటి డ్రైవు దుకాణంలోకి వచ్చిన తేదీ మరొకటి, మీ యంత్రం దానిని వాడుకోగలిగే ధరలో దొరికే తేదీ మూడవది. కొనుగోలుదారుకు కావలసింది ఈ మూడవ తేదీ మాత్రమే, వార్తల్లో వచ్చేది తరచుగా మొదటిదే.

పీసీఐ ఎక్స్‌ప్రెస్ 4 ప్రమాణం 2017లో ఖరారయింది. ఇంటి కంప్యూటర్లలోకి అది 2019లో ఏఎండీ రైజెన్ 3000 ప్రాసెసర్ల వరుసతో వచ్చింది. ఇంటెల్ డెస్క్‌టాప్‌లలోకి రావడానికి 2021 దాకా పట్టింది. అయిదవ తరం ప్రమాణం 2019లోనే సిద్ధమైనా, జెన్ 5 ఎస్‌ఎస్‌డీలు సాధారణ కొనుగోలుదారులకు దొరకడం 2023లో మొదలయింది. ఆరవ తరం ప్రమాణం 2022 జనవరిలో వెలువడింది. ఆ తరం డ్రైవులు ముందుగా డేటా సెంటర్లకే వెళ్తున్నాయి. ఏడవ తరం ప్రమాణం కూడా 2025 జూన్‌లో ప్రకటించారు. ఈ లెక్కన, ప్రమాణం నుంచి దుకాణానికే రెండు నుంచి నాలుగేళ్లు, ఆపైన ధర దిగిరావడానికి మరికొంత కాలం. విశాఖపట్నం డీలర్ల నుంచి మన గంటస్తంభం దగ్గరి దుకాణాలకో, శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్ దాకానో చేరడానికి ఇంకొన్ని నెలలు అదనం. మా మేనల్లుడు అడిగిన జెన్ 6 కోసం ఆగితే వాడి చదువు పూర్తయిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యంగా, వస్తుందన్నది వచ్చి నిలబడుతుందన్న హామీ లేదు. 2015 జులైలో ఇంటెల్, మైక్రాన్ సంస్థలు కలిసి 3డీ ఎక్స్‌పాయింట్ అనే కొత్త మెమరీని ప్రకటించాయి. అది ఫ్లాష్ మెమరీకన్నా వెయ్యి రెట్లు వేగమైనదన్నారు. స్టోరేజీ స్వరూపమే మారిపోతుందని నేనూ నమ్మాను, కొందరిని ఆగమని చెప్పాను కూడా. 2017లో ఆప్టేన్ పేరుతో వస్తువులు వచ్చాయి. చిన్న ముక్కలు చదవడంలో అవి నిజంగానే గొప్పవి. అయితే ఒక్కొక్క జీబీకి పడే ధర ఎన్నడూ మన అందుబాటులోకి రాలేదు. 2022 జులైలో ఇంటెల్ ఆ వ్యాపారాన్ని మూసివేస్తున్నట్టు చెప్పి, మిగిలిపోయిన సరుకు కింద 55.9 కోట్ల డాలర్ల నష్టం రాసుకుంది. ఆ ఏడేళ్లూ ఆగినవారికి ఏమీ దక్కలేదు. ఆ కాలంలో సాదా సాటా ఎస్‌ఎస్‌డీ కొన్నవారు హాయిగా పని చేసుకున్నారు.

హార్డ్ డిస్కుల వైపు చూస్తే, లేజరుతో పళ్లేన్ని క్షణకాలం వేడిచేసి రాసే హామర్ విధానం గురించి చాలా ఏళ్లు విన్న తరువాత, 2024 జనవరిలో సీగేట్ సంస్థ 30 టీబీ స్థాయి డిస్కులను ఆ విధానంతో ప్రకటించింది. ఇది నిజమైన ముందడుగే. కానీ 2 టీబీ, 4 టీబీ కొనే ఇంటివారికి దానితో ప్రస్తుతం పని లేదు. గాజు పలకల మీద, డీఎన్ఏలో సమాచారం దాచే ప్రయోగాల వార్తలు చదవడానికి ఆనందంగా ఉంటాయి, కొనుగోలు నిర్ణయంలోకి మాత్రం వాటిని తీసుకురావద్దు.

ధర తగ్గుతుందన్న నమ్మకం

దీర్ఘకాలంలో స్టోరేజీ ధర తగ్గుతూ వచ్చిన మాట నిజం. అయితే ఆ తగ్గుదల ప్రతి ఏడూ జరుగుతుందనుకోవడం పొరపాటు. 2011 అక్టోబరులో థాయిలాండ్‌ను వరదలు ముంచెత్తినప్పుడు అక్కడి హార్డ్ డిస్క్ కర్మాగారాలు మునిగిపోయి, ప్రపంచమంతటా ధరలు ఒక్కసారిగా ఎగబాకాయి. 2023లో ఎస్‌ఎస్‌డీలు చాలా చవకగా దొరికాయి. ఆ నష్టాన్ని తట్టుకోలేక తయారీదారులు ఉత్పత్తి తగ్గించడంతో 2024లో ధరలు తిరిగి పెరిగాయి. 2025 చివరికి ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్‌తో పాటు ఫ్లాష్ మెమరీ ధరలు కూడా గట్టిగా పెరిగాయి. 2023లో ఇంకా తగ్గుతుందని ఆగినవారు తరువాత ఎక్కువ పెట్టి కొన్నారు.

తగ్గుతుందనే అనుకున్నా, లెక్క ఇలా వేసుకోండి. లెక్క సులువు కోసం ఒక డ్రైవు 8,000 రూపాయలనీ, ఏడాదిలో నూటికి 15 వంతున తగ్గుతుందనీ అనుకుందాం. మీకు మిగిలేది 1,200 రూపాయలు, అంటే నెలకు 100 రూపాయలు. ఆ ఏడాదంతా నెమ్మది హార్డ్ డిస్కు వల్ల రోజుకు పది నిమిషాలు పోతే, 300 పనిరోజుల్లో 3,000 నిమిషాలు, అంటే 50 గంటలు పోతాయి. డీటీపీ చేసేవారూ, ఆన్‌లైన్ దరఖాస్తులు నింపేవారూ తమ గంట విలువ తామే వేసుకోగలరు.

ఆగడం సరైన నిర్ణయమయ్యే సందర్భాలు లేకపోలేదు. మీరు మదర్‌బోర్డు, ప్రాసెసర్‌తో సహా మొత్తం యంత్రాన్ని రెండు మూడు నెలల్లో మార్చబోతుంటే, ఇప్పుడు పాత యంత్రానికి ఖరీదైన డ్రైవు కొనవద్దు. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కనుక, విండోస్ 11కు అర్హత లేని పాత యంత్రాలున్న చాలామంది ఈ స్థితిలోనే ఉన్నారు. వారికి ఒక చిన్న సాటా ఎస్‌ఎస్‌డీ చాలు. రేపు కొత్త యంత్రం వచ్చాక దానిని రెండో డ్రైవుగా వాడుకోవచ్చు. డిస్కు ఆరోగ్యంగా ఉండి, మూడో వంతు ఖాళీ ఉండి, రెండో ప్రతి భద్రంగా ఉంటే దసరా, దీపావళి అమ్మకాల దాకా ఆగడంలో నష్టం లేదు. సిరిమానోత్సవం వేళకు మన ఊళ్లోనూ దుకాణదారులు బేరానికి కొంత మెత్తబడతారు. ఏదైనా కొత్త తరం మొదటి విడత వస్తువులు వచ్చినప్పుడు ఆరు నెలలు ఓపిక పట్టి, వాటి ఫర్మ్‌వేర్ (డ్రైవును లోపలి నుంచి నడిపే ప్రోగ్రాము) లోపాలు సర్దుకున్నాక కొనడం కూడా తెలివైన పనే. ధరలు అసాధారణంగా ఎగసిన కాలంలో అయితే, కావలసిన దానికన్నా ఒక మెట్టు తక్కువ పరిమాణం కొని, మిగిలిన ఫైళ్లను హార్డ్ డిస్కులో ఉంచి, పెద్దదాని కొనుగోలును వాయిదా వేయండి.

మీరు ఆగదలిస్తే ఒక కాగితం మీద మూడు విషయాలు రాసుకోండి: దేనికోసం ఆగుతున్నారు, ఎంత ధరకు వస్తే కొంటారు, ఏ తేదీ దాకా ఆగుతారు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి రాయలేకపోయినా, మీరు ఆగడానికి కారణం లేదని నేను చెబుతాను.

కొనేటప్పుడూ, కొన్న తరువాతా

ఈనాడు ఎక్కువమందికి తగినది 1 టీబీ జెన్ 4 డ్రైవు, స్లాటు జెన్ 3 అయినా సరే. తరువాతి యంత్రానికి దానిని మార్చుకుంటే పూర్తి వేగం వస్తుంది. ధర తేడా ఎక్కువగా ఉంటే జెన్ 3తోనే తృప్తిపడండి. 1 టీబీ అని కొన్నది విండోస్‌లో 931 జీబీ అని కనిపిస్తే కంగారు పడవద్దు, అది లెక్కించే పద్ధతిలోని తేడా మాత్రమే.

పెట్టె మీద తరం అంకె కన్నా ముందు చూడవలసినది లోపలి కణం రకం. ఒక్కొక్క కణంలో మూడు బిట్లు దాచేది టీఎల్‌సీ, నాలుగు బిట్లు దాచేది క్యూఎల్‌సీ. క్యూఎల్‌సీ చవక, ఎక్కువగా చదివే పనులకు బాగానే ఉంటుంది. పెద్ద ఫైళ్లు వరుసగా రాస్తూ పోతే మాత్రం దాని తాత్కాలిక వేగపు భాగం నిండిపోయి, కొన్ని మోడళ్లలో వేగం సెకనుకు 100 ఎంబీ దగ్గరకు, అంటే హార్డ్ డిస్కు స్థాయికి పడిపోతుంది. వీడియో పని చేసేవారు టీఎల్‌సీ జెన్ 3 కొనడం, క్యూఎల్‌సీ జెన్ 4 కొనడం కన్నా మేలు. ఇక డ్రైవు త్వరగా అరిగిపోతుందేమోనన్న భయం చాలామందికి ఉంది. మంచి 1 టీబీ టీఎల్‌సీ డ్రైవులకు సాధారణంగా అయిదేళ్లలో 600 టీబీ దాకా రాసుకోవచ్చని హామీ ఉంటుంది. అది రోజుకు దాదాపు 328 జీబీ. మామూలు ఇంట్లో అందులో పదో వంతు కూడా రాయరు.

జీఎస్టీ బిల్లు లేకుండా తీసుకోవద్దు, వారంటీ మూడేళ్లా అయిదేళ్లా అన్నది సీరియల్ సంఖ్యతో తయారీదారు వెబ్‌సైటులో అక్కడే సరిచూసుకోండి. నమ్మశక్యం కాని ధరకు 2 టీబీ, 4 టీబీ అని అమ్మే పేరులేని పెన్‌డ్రైవులూ, పోర్టబుల్ డ్రైవులూ చాలా వరకు మోసమే. లోపల చిన్న చిప్పు పెట్టి పెద్ద అంకె చూపించేలా మార్చి ఉంటాయి. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాముతో మొత్తం డ్రైవును నింపి, తిరిగి చదివించి చూస్తే నిజం బయటపడుతుంది. వెనక్కి ఇచ్చే గడువు లోపలే ఈ పరీక్ష చేయండి.

మన తీరంలో కరెంటు సంగతి వేరుగా చెప్పాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస ప్రాంతం మీద విరుచుకుపడిన తిత్లీ తుఫానులు కరెంటు స్తంభాలను ఎలా కూల్చాయో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. మామూలు ఎస్‌ఎస్‌డీలలో హఠాత్తుగా కరెంటు పోయినప్పుడు రాస్తున్న సమాచారాన్ని కాపాడే కెపాసిటర్లు ఉండవు. డెస్క్‌టాప్‌కు యూపీఎస్ లేకపోతే, డ్రైవు బడ్జెట్‌లో కొంత తగ్గించి అయినా ముందు అది కొనండి. జెన్ 4కు బదులు జెన్ 3 తీసుకుని, మిగిలిన సొమ్ముకు కొంత కలిపి యూపీఎస్ పెట్టించుకున్నవారిని నేను చాలాసార్లు మెచ్చుకున్నాను.

కొత్త డ్రైవులోకి సిస్టమ్ మార్చిన వెంటనే పాత డిస్కును ఫార్మాట్ చేయించుకోవద్దు. కనీసం ఒక నెల అలాగే ఉంచండి, ఏదో ఒక ఫైలు రాలేదని తెలిసేది ఆ నెలలోనే. ఆ తరువాత కూడా అది ఆరోగ్యంగా ఉంటే, ఒక చిన్న కేసులో అమర్చి, ముఖ్యమైన ఫైళ్ల ప్రతిని అందులో వేసి, మీద తేదీ రాసి, వేరే ఊరిలో ఉన్న మీవాళ్ల ఇంట్లో పెట్టండి. మీది సోంపేటో, భోగాపురమో అయితే సముద్రానికి దూరంగా బొబ్బిలిలోనో, పాలకొండలోనో ఉన్న చుట్టాల ఇల్లు మంచిది. పండగకు వెళ్లినప్పుడు ఏడాదికి రెండుసార్లు దానిని తెరిచి, ఫైళ్లు చదువుతున్నదో లేదో చూసి, కొత్తవి చేర్చి, తేదీ మార్చి మళ్లీ అక్కడే ఉంచి రండి.